పైథాన్‌లో పేరు దారి తప్పినప్పుడు: నేమ్‌స్పేస్ చిక్కులు విప్పే సమగ్ర మార్గదర్శి

ఒక వేరియబుల్‌లో 5 పెట్టారు. ఇంకో ఫైల్లోకి వెళ్లి చూస్తే అందులో 0 ఉంది. లేదా పై లైన్లో కళ్లముందు కనబడుతున్న పేరునే పైథాన్ ‘అలాంటిది లేదు’ అంటోంది. లేదా మీరు రాసిన క్లాస్‌తో మీరు చేసిన ఆబ్జెక్టునే ఐజ్‌ఇన్‌స్టెన్స్‌తో అడిగితే ‘ఫాల్స్’ వస్తోంది. ఇలాంటప్పుడు చెయ్యి ముందు ప్రింట్ వైపే వెళ్తుంది. ప్రింట్ విలువని చూపిస్తుంది, అంతే. తేడా వచ్చింది విలువలో కాదు, ఆ పేరుని ఇంటర్‌ప్రెటర్ ఎక్కడ వెతికిందన్న దాంట్లో.

ఊళ్లో ‘వెంకటేశ్వర్లుని పిలుచుకురా’ అంటే ‘ఏ ఇంటి వెంకటేశ్వర్లు?’ అని అడుగుతాం. నేమ్‌స్పేస్ అంటే ఆ ఇంటిపేరే. ప్రోగ్రామ్‌లో మనం ఇంటిపేరు చెప్పకుండా పిలుస్తాం. ఎవరిని పిలిచామో పైథాన్ తన నియమాల ప్రకారం తేల్చుకుంటుంది. ఆ నియమాలు కచ్చితమైనవి. అందుకే ఇలాంటి బగ్‌లో ఊహించాల్సిన అవసరం ఉండదు. ఇంటర్‌ప్రెటర్‌నే మూడు ప్రశ్నలు అడగాలి: ఈ పేరుని ఏ నేమ్‌స్పేస్‌లో వెతికావు? అక్కడే వెతకాలని ఎప్పుడు తేల్చావు? అక్కడ ఇప్పుడున్న వస్తువుని ఎవరు పెట్టారు? ఈ మూడింటికీ జవాబు రాబట్టే దారే ఈ వ్యాసం.

చదివే ముందు ఒక మాట. కమాండ్లు, కీవర్డ్‌లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ లిపిలోనే కొట్టాలి. వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. దాంట్లో ఉన్న చిక్కు గురించి చివర్లో చెప్తాను.

మొదట తెలియాల్సింది

మాడ్యూల్, క్లాస్, మామూలు ఆబ్జెక్ట్: వీటన్నిటి నేమ్‌స్పేస్ ఒక డిక్షనరీ. పేరు కీ, వస్తువు వాల్యూ. ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్స్ మాత్రం అలా కాదు. మనం మామూలుగా వాడే పైథాన్ అయిన సీపైథాన్‌లో అవి వరుసగా నంబర్లేసిన గళ్లలో ఉంటాయి. ఏ పేరుకి ఏ గడి అన్నది ఫంక్షన్ నడవకముందే, కంపైల్ అయ్యేటప్పుడే ఖాయమవుతుంది. ఇక్కడ వచ్చే వింతల్లో పెద్ద భాగం ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది.

ఫంక్షన్ లోపల ఒక పేరు వాడితే వెతికే వరుస ఇది: ముందు లోకల్, తర్వాత చుట్టూ ఉన్న బయటి ఫంక్షన్లు, తర్వాత మాడ్యూల్ గ్లోబల్స్, చివరికి బిల్టిన్స్ (పైథాన్‌తోనే వచ్చే పేర్లు). బయటి ఫంక్షన్లలో వెతకడం మొదట్లో లేదు. 2001లో వచ్చిన 2.1 వెర్షన్లో ఫ్యూచర్ ఇంపోర్ట్ ద్వారా ఐచ్ఛికంగా వచ్చి, 2.2లో తప్పనిసరి అయింది. బయటి ఫంక్షన్ వేరియబుల్‌ని లోపలి నుంచి మార్చే నాన్‌లోకల్ 3.0లో గానీ రాలేదు.

మెట్టు 1: శుభ్రమైన ఇంటర్‌ప్రెటర్‌లో మళ్లీ రప్పించండి

జూపిటర్ నోట్‌బుక్‌లో పని చేస్తుంటే ముందు కెర్నల్‌ని రీస్టార్ట్ చేసి, పైనుంచి కింది దాకా వరసగా నడపండి. సెల్‌ని తొలగించినంత మాత్రాన అందులో పుట్టిన పేరు పోదు. ఎప్పుడో నడిపిన సెల్‌లోని పాత విలువ ఇంకా మెమరీలో ఉండి, కోడ్ సరిగ్గానే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. ‘నిన్న నడిచింది, ఇవాళ నడవట్లేదు’ అన్న ఫిర్యాదు విన్నప్పుడు నేను మొదట అనుమానించేది దీన్నే.

అదే సెషన్‌లో ఎవరైనా ‘లిస్ట్ = [1, 2, 3]’ అని రాసి ఉంటే, ఆ తర్వాత లిస్ట్‌ని ఫంక్షన్‌లా పిలిచిన ప్రతిచోటా ‘దీన్ని కాల్ చేయలేం’ అన్న టైప్ ఎర్రర్ వస్తుంది. అసలు లిస్ట్ ఎక్కడికీ పోలేదు, బిల్టిన్స్ మాడ్యూల్‌లో భద్రంగా ఉంది. దాని ముందు మీ గ్లోబల్ అడ్డు నిలబడింది. ‘డెల్ లిస్ట్’ అంటే మీ గ్లోబల్ తొలగిపోయి అసలుది మళ్లీ కనబడుతుంది. సమ్, మ్యాక్స్, ఐడీ, ఇన్‌పుట్, టైప్: ఇవన్నీ ఇలా తరచుగా అడ్డం పడే పేర్లే.

తర్వాత కమాండ్ లైన్లో పైథాన్‌కి -ఐ అనే ఆప్షన్ ఇచ్చి అదే స్క్రిప్ట్ నడపండి. పెద్ద అక్షరం ఐ. ఇది ఏకాంత మోడ్. పైథాన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని పట్టించుకోదు, యూజర్ సైట్ ప్యాకేజీలని చూడదు, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌ని కూడా వెతికే దారిలో చేర్చదు. స్క్రిప్ట్ ఒకే ఫైలై, ఈ మోడ్‌లో బగ్ మాయమైతే, కారణం మీ కోడ్ లోపల కాదు, ఇంపోర్ట్ దారిలో ఉంది. నేరుగా 4వ మెట్టుకి వెళ్లండి. బగ్ అలాగే ఉంటే ముందుకు సాగండి.

మెట్టు 2: పేరు లోకలా, గ్లోబలా? కంపైలర్‌నే అడగండి

ఈ నాలుగు లైన్లు చూడండి:

లెక్క = 0
డెఫ్ పెంచు():
    ప్రింట్(లెక్క)
    లెక్క += 1

పెంచు ఫంక్షన్‌ని పిలిస్తే ప్రింట్ లైన్లోనే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పైనున్న 0ని చూపించి ‘ఇదుగో, ఉంది కదా’ అంటారు. అయితే కంపైలర్ ఫంక్షన్ మొత్తాన్ని ముందే చదివేసింది. చివరి లైన్లో లెక్కకి విలువ ఇస్తున్నారు కాబట్టి ఆ పేరు ఈ ఫంక్షన్ మొత్తానికీ లోకల్ అని రాసేసుకుంది. ఆ లైన్ తర్వాత నుంచి కాదు, మొదటి లైన్ నుంచే. ప్రింట్ దగ్గరికి వచ్చేసరికి లోకల్ గడి ఖాళీగా ఉంది. గడి ఖాళీగా ఉంటే గ్లోబల్స్‌కి వెళ్లి వెతకడం అనేది లేదు. 3.11 నుంచి ఈ ఎర్రర్ మెసేజ్ కూడా ‘విలువతో ముడిపడని లోకల్ వేరియబుల్’ అని అసలు సంగతిని సూటిగా చెప్తోంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి మూడు పనిముట్లున్నాయి. సులభమైనది: పెంచు.__కోడ్__.కో_వార్‌నేమ్స్ చూడండి. అందులో లెక్క ఉంటే అది లోకల్. ఫంక్షన్ నడపాల్సిన పని కూడా లేదు. కో_ఫ్రీవార్స్‌లో ఉంటే బయటి ఫంక్షన్ నుంచి వస్తున్నది. కో_నేమ్స్‌లో గ్లోబల్స్‌తో పాటు చుక్క తర్వాత వచ్చే ఆట్రిబ్యూట్ పేర్లూ కలిసి ఉంటాయి, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి.

రెండోది డిస్ మాడ్యూల్. ఫంక్షన్‌ని డిస్.డిస్‌కి ఇస్తే బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ నడిపే సూచనలు) చూపిస్తుంది. పేరు పక్కన ‘లోడ్ ఫాస్ట్’తో మొదలయ్యే సూచన ఉంటే లోకల్ గడి, ‘లోడ్ డీరెఫ్’ ఉంటే క్లోజర్ (బయటి, లోపలి ఫంక్షన్లు పంచుకునే పేరు), ‘లోడ్ గ్లోబల్’ ఉంటే గ్లోబల్స్, ఆపైన బిల్టిన్స్. ‘లోడ్ నేమ్’ మాడ్యూల్ పైస్థాయిలోనూ క్లాస్ బాడీలోనూ వస్తుంది. ఈ సూచనల పేర్లు వెర్షన్‌ని బట్టి కొద్దిగా మారుతుంటాయి, 3.12లో ఖాళీగా ఉండే అవకాశమున్న లోకల్‌కి ‘లోడ్ ఫాస్ట్ చెక్’ అని వేరే సూచనే వచ్చింది. మీ ఫంక్షన్‌లో అది కనబడితే, ఏదో ఒక దారిలో ఆ పేరు ఖాళీగా మిగలొచ్చని కంపైలరే చెప్తున్నట్టు.

మూడోది ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్లోని గెట్‌క్లోజర్‌వార్స్. ఫంక్షన్ బయటినుంచి తెచ్చుకునే పేర్లని నాన్‌లోకల్స్, గ్లోబల్స్, బిల్టిన్స్, అసలు దొరకనివి అని నాలుగు కుప్పలుగా పోసి ఇస్తుంది.

‘విలువ ఇవ్వడం’ అంటే సమానం గుర్తు ఒక్కటే కాదు. ఫర్ లూప్ వేరియబుల్, విత్‌లో యాజ్, ఎక్సెప్ట్‌లో యాజ్, లోపల రాసిన డెఫ్, క్లాస్, వాల్‌రస్ గుర్తు (:=), ఇంపోర్ట్: ఇవన్నీ పేరుని లోకల్ చేస్తాయి. వీటిలో ఇంపోర్ట్ చాలా మోసం చేస్తుంది. ఫైల్ పైన ఓఎస్ ఇంపోర్ట్ అయి ఉంది. పెద్ద ఫంక్షన్ మధ్యలో, ఏదో ఇఫ్ లోపల, ఎవరో ‘ఇంపోర్ట్ ఓఎస్.పాత్’ అని చేర్చారు. ఆ లైన్ బైండ్ చేసేది ఓఎస్ అనే పేరుని. దాంతో ఆ ఫంక్షన్ మొత్తంలో ఓఎస్ లోకల్ అయిపోయింది. ఇఫ్ షరతు నిజం కాని రోజున, యాభై లైన్ల పైన ఎప్పటినుంచో నడుస్తున్న ఓఎస్ వాడకం కూలిపోతుంది. చేర్చిన లైన్ ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట.

ఎక్సెప్ట్ కూడా చూడండి. ‘ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్ యాజ్ తప్పు’ అని రాస్తే, ఆ బ్లాక్ అయిపోగానే తప్పు అనే పేరుని పైథాన్ తొలగిస్తుంది. ట్రేస్‌బ్యాక్‌తో చుట్టు రిఫరెన్స్ ఏర్పడకుండా చేసిన ఏర్పాటిది. ముందే అదే పేరుతో మీకు వేరే వేరియబుల్ ఉంటే అదీ పోతుంది. బయట కావాలంటే బ్లాక్ లోపలే ఇంకో పేరుకి ఇచ్చుకోండి.

సరిచేయడానికి గ్లోబల్ అనే డిక్లరేషన్ ఉంది గానీ, నన్నడిగితే దాన్ని చివరి మార్గంగానే ఉంచాలి. విలువని పారామీటర్‌గా తీసుకుని రిటర్న్ చేస్తే ఈ తరహా బగ్‌కి చోటే ఉండదు.

లూప్‌లో ల్యాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) తయారుచేస్తే అన్నీ చివరి విలువనే ఇవ్వడం కూడా ఇక్కడి విషయమే. క్లోజర్ పట్టుకునేది పేరు ఉన్న గడిని, ఆ నిమిషంలోని విలువని కాదు. ఫంక్షన్ లోపల చేసినవైతే ప్రతి ల్యాంబ్డా __క్లోజర్__‌లోని సెల్ ఐడీని పోల్చి చూడండి, అన్నీ ఒకటే అని తేలుతుంది. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా విలువని ఇస్తే అది అప్పటికప్పుడే ఖాయమవుతుంది.

మెట్టు 3: గ్లోబల్ అయితే, ఎవరి గ్లోబల్?

పైథాన్‌లో ‘గ్లోబల్’ అంటే ప్రోగ్రామ్ మొత్తానికీ ఉమ్మడి అని కాదు. ఆ మాడ్యూల్‌కి మాత్రమే. ఫంక్షన్ గ్లోబల్స్‌ని వెతికేది అది పుట్టిన మాడ్యూల్లో, పిలిచిన చోట కాదు. పైథాన్‌లో రాసిన ఏ ఫంక్షన్‌కైనా __గ్లోబల్స్__ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది. పెంచు.__గ్లోబల్స్__['__నేమ్__'] అని అడిగితే ఏ ఇంటిదో చెప్పేస్తుంది. డెకరేటర్ (ఫంక్షన్‌కి ఇంకో ఫంక్షన్‌ని తొడిగేది) చుట్టిన ఫంక్షన్ అయితే ముందు __రాప్డ్__ ద్వారా లోపలి దాన్ని పట్టుకోండి, లేకపోతే మీరు చూస్తున్నది డెకరేటర్ మాడ్యూల్ అవుతుంది.

ఇప్పుడు సెట్టింగులు అనే మాడ్యూల్లో ‘వేగం = 1’ ఉందనుకోండి. వేరే ఫైల్లో ‘ఫ్రమ్ సెట్టింగులు ఇంపోర్ట్ వేగం’ అన్నారు. ఇంకెవరో సెట్టింగులు.వేగం = 9 చేశారు. మీ ఫైల్లో వేగం ఇంకా 1. ఫ్రమ్ ఇంపోర్ట్ చేసింది ఆ క్షణాన ఉన్న వస్తువుకి మీ మాడ్యూల్లో రెండో పేరు పెట్టడం. ఆ తర్వాత రెండు పేర్లకీ సంబంధం లేదు. మారే విలువలకి మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి చుక్క పెట్టి వాడండి.

టెస్టుల్లో మాక్ ప్యాచ్ (అసలు ఫంక్షన్ బదులు నకిలీది పెట్టడం) పనిచేయట్లేదన్న టెన్షన్‌కి కారణం కూడా చాలాసార్లు ఇదే. ఫంక్షన్ పుట్టిన మాడ్యూల్లో ప్యాచ్ చేస్తారు, వాడే మాడ్యూల్లో పాత పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్యాచ్ చేయాల్సింది పేరు వెతికే చోట.

మెట్టు 4: మాడ్యూల్ మీరనుకున్నదేనా?

ప్రతి అనుమానం ఉన్న మాడ్యూల్‌కీ __ఫైల్__ ప్రింట్ చేయండి. ఈ ఒక్క లైన్‌తో తీరిపోయే సమస్యలు చాలా ఉన్నాయి. మీ ఫోల్డర్‌లో ర్యాండమ్ అనే పేరుతో ఫైల్ ఉంటే, ఆ ఫోల్డర్‌లో నడిపే స్క్రిప్ట్ ప్రామాణిక ర్యాండమ్ బదులు దాన్నే తెస్తుంది. ఎందుకంటే మాడ్యూళ్లు వెతికే ఫోల్డర్ల జాబితా సిస్.పాత్‌లో స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ మొదట ఉంటుంది. పైగా ఆ ఫైల్ తనని తానే ఇంపోర్ట్ చేసుకుంటే ‘సగం తయారైన మాడ్యూల్, బహుశా సర్క్యులర్ ఇంపోర్ట్’ అని ఎర్రర్ వచ్చి మనల్ని వేరే దారి పట్టిస్తుంది. 3.13లో ఈ మెసేజ్‌ని మెరుగుపరిచారు. మీ ఫైల్ పేరు ప్రామాణిక మాడ్యూల్ పేరుతో ఢీకొంటోందని, పేరు మార్చమని సూటిగా చెప్తుంది. 3.11 నుంచి పెద్ద పి తో -పి ఆప్షన్ ఇస్తే స్క్రిప్ట్ ఫోల్డర్‌ని వెతికే దారిలో చేర్చదు.

__ఫైల్__‌లో ఫైల్ దారే లేకపోతే అది నేమ్‌స్పేస్ ప్యాకేజీ కావచ్చు. 3.3 నుంచి ఇనిట్ ఫైల్ లేని ఫోల్డర్ కూడా ప్యాకేజీగా ఇంపోర్ట్ అవుతుంది. ఎప్పుడో మిగిలిపోయిన ఖాళీ ఫోల్డర్ పేరు కలిస్తే ఇంపోర్ట్ ఎర్రర్ లేకుండా జరిగిపోతుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. __పాత్__ చూస్తే ఏ ఫోల్డరో తెలుస్తుంది.

అన్నిటికంటే తల తినేది ఒకే ఫైల్ రెండు మాడ్యూళ్లుగా లోడ్ అవ్వడం. ఖాతా అనే ఫైల్‌ని స్క్రిప్ట్‌గా నడిపారు. దాని మాడ్యూల్ పేరు __మెయిన్__. అది ఇంపోర్ట్ చేసిన రిపోర్టు అనే ఫైల్, తిరిగి ఖాతాని ఇంపోర్ట్ చేసింది. లోడైన మాడ్యూళ్ల డిక్షనరీ సిస్.మాడ్యూల్స్‌లో ఖాతా అన్న పేరు లేదు కాబట్టి పైథాన్ ఆ ఫైల్‌ని మళ్లీ మొదటినుంచి నడిపి రెండో మాడ్యూల్ చేస్తుంది. ఇప్పుడు ప్రతి గ్లోబల్‌కీ రెండు కాపీలు, ప్రతి క్లాస్‌కీ రెండు రూపాలు. మీరు రైజ్ చేసిన ఎక్సెప్షన్‌ని మీరే రాసిన ఎక్సెప్ట్ పట్టుకోదు. రిజిస్టర్ చేసిన ప్లగిన్లు జాబితాలో కనబడవు.

పట్టుకోవడం సులువు. తేడాగా ఉన్న రెండు ఆబ్జెక్టుల టైప్ తీసుకుని __మాడ్యూల్__ చూడండి. ఒకటి __మెయిన్__, ఒకటి ఖాతా అని వస్తే దొరికినట్టే. లేదా సిస్.మాడ్యూల్స్‌లో ఉన్నవాటన్నిటి __ఫైల్__‌లని పోగేసి, ఒకే ఫైల్ రెండు పేర్లతో ఉందేమో చూడండి. ప్రాజెక్ట్ ఫోల్డర్, దాని లోపలి ప్యాకేజీ ఫోల్డర్ రెండూ సిస్.పాత్‌లో ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది: ఒకచోట ‘యాప్.ఖాతా’, ఇంకోచోట ‘ఖాతా’. మొదలుపెట్టే కోడ్‌ని ఎవరూ ఇంపోర్ట్ చేయని చిన్న ఫైల్లో విడిగా పెట్టడం దీనికి శాశ్వత పరిష్కారం.

రీలోడ్ గురించి కొంచెం. ఇంపోర్ట్‌లిబ్.రీలోడ్ మాడ్యూల్ డిక్షనరీని ఖాళీ చేయదు, ఉన్నదాని మీదే మళ్లీ నడుపుతుంది. మీరు ఫైల్లోంచి తీసేసిన ఫంక్షన్ ఇంకా అందులోనే ఉంటుంది. ముందు చేసిన ఆబ్జెక్టులు పాత క్లాస్‌వే. ఫ్రమ్ ఇంపోర్ట్‌తో తెచ్చుకున్న పేర్లూ పాతవే. డీబగ్ చేసేటప్పుడు రీలోడ్‌ని నమ్ముకోకుండా ఇంటర్‌ప్రెటర్‌ని మూసి తెరవడం మంచిది.

ఇంకొకటి, పెద్ద ప్రాజెక్టుల్లో కనబడేది. యాప్ ప్యాకేజీ ఇనిట్‌లో ‘లాగర్’ అనే ఆబ్జెక్ట్ ఉంది, లాగర్ అనే సబ్‌మాడ్యూల్ ఫైల్ కూడా ఉంది. సబ్‌మాడ్యూల్ మొదటిసారి ఇంపోర్ట్ అయినప్పుడు పైథాన్ దాన్ని తల్లి ప్యాకేజీలో అదే పేరుతో కడుతుంది. అంటే మీ ఆబ్జెక్ట్ స్థానంలో మాడ్యూల్ వచ్చి కూర్చుంటుంది. ఎవరు ముందు ఇంపోర్ట్ చేశారన్న దాన్ని బట్టి యాప్.లాగర్ ఒక్కోసారి ఒక్కోటి. ఆ పేరుని టైప్‌కి ఇచ్చి చూడండి. మాడ్యూల్ అని వస్తే రెండింట్లో ఒకదాని పేరు మార్చాలి.

మెట్టు 5: ఎగ్జెక్, ఎవాల్, డీబగ్గర్

ఇంటర్‌ప్రెటర్ లోపలి పనితీరు బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. స్ట్రింగ్‌గా ఉన్న కోడ్‌ని నడిపే ఎగ్జెక్‌కి ఆ కోడ్‌తో పాటు గ్లోబల్స్‌కి ఒక డిక్షనరీ, లోకల్స్‌కి ఇంకో డిక్షనరీ ఇచ్చారనుకోండి. ఆ కోడ్‌లో రెండు ఫంక్షన్లున్నాయి, ఒకటి ఇంకోదాన్ని పిలుస్తుంది. పిలిచే చోట నేమ్ ఎర్రర్. కారణం: రెండు వేరు డిక్షనరీలిస్తే ఆ కోడ్‌ని క్లాస్ బాడీ లోపల రాసినట్టే నడుపుతుంది. పైస్థాయిలో పుట్టిన పేర్లన్నీ లోకల్స్ డిక్షనరీలోకి వెళ్తాయి. ఆ ఫంక్షన్లు పేర్లు వెతికేది మాత్రం గ్లోబల్స్ డిక్షనరీలో. తనని తాను పిలుచుకునే ఫంక్షన్‌కి తన పేరే దొరకదు. మందు ఒక్కటే: ఒకే డిక్షనరీ ఇవ్వండి. ‘పేర్లు = {}’ అని తీసుకుని, ఎగ్జెక్‌కి కోడ్, పేర్లు అని రెండే ఇచ్చి, ఫలితాన్ని పేర్లు డిక్షనరీలోంచి తీసుకోండి. అందులో __బిల్టిన్స్__ అనే కీ అదనంగా కనబడితే కంగారు పడకండి, ఎగ్జెక్ తనంతట తానే చేరుస్తుంది.

ఫంక్షన్ లోపల డిక్షనరీ ఏమీ ఇవ్వకుండా ఎగ్జెక్‌తో ఒక పేరు పుట్టించి, కింది లైన్లో మామూలుగా వాడదామంటే కుదరదు. కింది లైన్‌ని కంపైల్ చేసినప్పుడు ఆ పేరుకి ఎక్కడా విలువ ఇచ్చినట్టు లేదు, కాబట్టి గ్లోబల్ అని తేల్చేశారు. 3.12 దాకా కొందరు లోకల్స్ ఫంక్షన్ ఇచ్చే డిక్షనరీలో ఆ పేరుని అందుకునేవారు, అది పనిచేసేది కూడా. 3.13లో పెప్ 667 (పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రాల్లో ఒకటి) అమల్లోకి వచ్చాక, ఫంక్షన్ లోపల లోకల్స్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త నకలు వస్తుంది. నకలుకి ఎగ్జెక్ చేర్చింది ఆ నకలుతోనే పోతుంది. 3.13కి మారాక పాత కోడ్ కీ ఎర్రర్ ఇస్తుంటే ముందు ఇక్కడ వెతకండి. అదే మార్పుతో, నడుస్తున్న ఫంక్షన్ స్థితిని పట్టి ఉంచే ఫ్రేమ్ ఆబ్జెక్ట్‌లోని ఎఫ్_లోకల్స్ మాత్రం అసలు గళ్లలోకి నేరుగా రాసే కిటికీ అయింది, డీబగ్గర్లు రాసేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

పైథాన్ డీబగ్గర్ పీడీబీలో ఆగి ఉన్నప్పుడు కూడా ఇవే నియమాలు. 3.12, అంతకు ముందు వెర్షన్లలో పీడీబీ ప్రాంప్ట్ దగ్గర లోకల్ వేరియబుల్‌ని వాడే ల్యాంబ్డా గానీ జనరేటర్ గానీ రాస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది. ఆ పేరుని విడిగా అడిగితే మాత్రం విలువ చూపిస్తుంది. అప్పుడు ‘ఇంటరాక్ట్’ అని కొట్టండి. గ్లోబల్స్, లోకల్స్ రెండూ కలిపిన ఒక డిక్షనరీతో కొత్త ప్రాంప్ట్ వస్తుంది, అందులో అన్నీ నడుస్తాయి. అక్కడ మార్చిన విలువలు మాత్రం అసలు ఫంక్షన్‌కి చేరవు.

ఇంకా సి, ఎన్, ఎ లాంటి ఒంటి ఇంగ్లిష్ అక్షరాలు పీడీబీ కమాండ్లు. అదే పేరున్న మీ వేరియబుల్‌ని చూడాలంటే ముందు ఆశ్చర్యార్థకం పెట్టండి. లేకపోతే సి కొట్టగానే ప్రోగ్రామ్ ముందుకు పరిగెత్తుతుంది.

మెట్టు 6: క్లాస్ లోపల

క్లాస్ బాడీలోని పేర్లు దాని మెథడ్స్‌కి నేరుగా కనబడవు. సెల్ఫ్ ద్వారానో క్లాస్ పేరు ద్వారానో అడగాలి. ఇది చాలామందికి తెలుసు. దీని కొనసాగింపు మాత్రం అంతగా తెలియదు:

క్లాస్ బిల్లు:
    పన్ను = 5
    ధరలు = [100, 200]
    మొత్తాలు = [ధర + పన్ను ఫర్ ధర ఇన్ ధరలు]

ఇక్కడ ధరలు దొరుకుతుంది, పన్ను దొరకదు. ఇలా ఒకే లైన్లో లిస్ట్ కట్టే కాంప్రహెన్షన్‌లో మొదటి ఇటరబుల్‌ని మాత్రమే క్లాస్ స్కోప్‌లో లెక్కిస్తారు, మిగతాదంతా వేరే స్కోప్. 3.12లో కాంప్రహెన్షన్లని వేగం కోసం ఇన్‌లైన్ చేసినా ఈ నియమాన్ని అలాగే ఉంచారు. మామూలు ఫర్ లూప్ రాస్తే సరిపోతుంది.

సెల్ఫ్.లెక్క += 1 అంటే చదివేది క్లాస్ నుంచి కావచ్చు, రాసేది మామూలుగా ఆబ్జెక్ట్‌లోకే. వార్స్ ఫంక్షన్‌కి ఒకసారి ఆబ్జెక్ట్‌ని, ఒకసారి క్లాస్‌ని ఇచ్చి పోల్చండి. రెండు అండర్‌స్కోర్లతో మొదలై, చివర అలా లేని పేరుని క్లాస్ లోపల వాడితే పైథాన్ దానికి క్లాస్ పేరు తగిలిస్తుంది. మాడ్యూల్లో ఉన్న __సాయం అనే ఫంక్షన్‌ని బిల్లు క్లాస్ మెథడ్‌లో పిలిస్తే అది వెతికేది _బిల్లు__సాయం. ఎర్రర్ మెసేజ్‌లో మీరు రాయని పేరు కనబడితే ఇదే కారణం.

తెలుగు పేర్లు వాడేవాళ్లకి

పైథాన్ 3 మొదటినుంచీ తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టుకోనిస్తుంది. రెండు జాగ్రత్తలు కావాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట కొట్టేటప్పుడు కీబోర్డ్ మధ్యలో కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని పెడుతుంది. కోడ్‌లో పేరు మధ్య అది ఉంటే సింటాక్స్ ఎర్రర్, యూ+200సి అని చూపిస్తూ. అదే పేరు ఎక్సెల్ ఫైల్ కాలమ్ నుంచి వచ్చి సెట్‌ఆటర్ ద్వారా చేరితే ఏ ఎర్రరూ రాదు. చుక్క పెట్టి అడిగితే మాత్రం ఎప్పటికీ దొరకదు.

రెండోది ఐత్వం. ‘ పైకం’ లాంటి మాటలోని ఐత్వం ఒకే కోడ్‌గా (యూ+0సి48) ఉండొచ్చు, లేదా రెండు ముక్కలుగా (యూ+0సి46, యూ+0సి56) ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకటే. కోడ్‌లో రాసిన పేర్లని పైథాన్ యూనికోడ్ ప్రమాణంలోని ఎన్‌ఎఫ్‌కేసీ పద్ధతిలో ఒకే రూపానికి తెస్తుంది; గెట్‌ఆటర్, సెట్‌ఆటర్, గ్లోబల్స్ డిక్షనరీలకి ఇచ్చే స్ట్రింగ్‌లని ముట్టుకోదు. కాబట్టి కళ్లముందున్న పేరే ‘లేదు’ అంటుంది. ఆస్కీ అనే బిల్టిన్‌కి రెండు పేర్లూ ఇస్తే తేడా బయటపడుతుంది. బయటి నుంచి వచ్చే ప్రతి పేరునీ యూనికోడ్‌డేటా.నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌కేసీకి మార్చి, నాన్ జాయినర్‌ని తీసేసి, ఈజ్‌ఐడెంటిఫైయర్‌తో సరిచూశాకే వాడండి.

మెట్టు 7: రాసిన చేతిని పట్టుకోవడం

ఏ నేమ్‌స్పేసో తేలింది, అందులో తప్పు వస్తువుందనీ తేలింది. ఎవరు పెట్టారు? మాడ్యూల్ విషయంలో ఒక మంచి వల ఉంది. 3.5 నుంచి మాడ్యూల్ ఆబ్జెక్ట్ క్లాస్‌ని మార్చొచ్చు. టైప్స్.మాడ్యూల్‌టైప్ నుంచి ఒక సబ్‌క్లాస్ చేసి, అందులో __సెట్‌ఆటర్__ రాసి, మీకు కావాల్సిన పేరు వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్.ప్రింట్_స్టాక్ పిలిచి, తర్వాత సూపర్ ద్వారా అసలు పని జరిపించండి. ఆ సబ్‌క్లాస్‌ని సిస్.మాడ్యూల్స్['సెట్టింగులు'].__క్లాస్__‌కి ఇచ్చేయండి. బయటి నుంచి ఎవరు సెట్టింగులు.వేగం మార్చినా వాళ్ల ఫైల్, లైన్ నంబర్‌తో సహా స్క్రీన్ మీద పడుతుంది.

ఈ వలకి చిక్కనివి ఉన్నాయి. ఆ మాడ్యూల్ లోపలే గ్లోబల్ అని డిక్లేర్ చేసి రాసేవి, గ్లోబల్స్ డిక్షనరీలోకి నేరుగా రాసేవి __సెట్‌ఆటర్__ గుమ్మం తొక్కవు. వాటికోసం ముందు ఆ ఫైల్లో గ్లోబల్ అనే మాటని వెతకండి. దొరక్కపోతే సిస్.సెట్‌ట్రేస్‌తో ప్రతి లైన్ దగ్గరా ఆ పేరు ఐడీని పాతదానితో పోల్చి, మారిన క్షణాన స్టాక్ ప్రింట్ చేయించండి. ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది, కానీ తప్పించుకోలేరు. థ్రెడ్లు ఉంటే త్రెడింగ్.సెట్‌ట్రేస్ కూడా పెట్టాలి, ఎందుకంటే సిస్‌లోది ఆ ఒక్క థ్రెడ్‌కే వర్తిస్తుంది.

కారణం దొరికి సరిచేశాక దానికో టెస్ట్ రాయండి. ఆ టెస్ట్‌ని సబ్‌ప్రాసెస్ ద్వారా కొత్త ఇంటర్‌ప్రెటర్‌లో నడిపించండి. ఒకే ప్రాసెస్‌లో నడిచే టెస్టులన్నీ సిస్.మాడ్యూల్స్‌ని పంచుకుంటాయి కాబట్టి, ముందు నడిచిన టెస్ట్ ఇంపోర్ట్ చేసిన మాడ్యూల్ మీ బగ్‌ని కప్పేసే ప్రమాదం ఉంది.